మొదటి సెమిస్టర్‌కు 18 క్రెడిట్లు వద్దు

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులం. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి ఈ ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీలో చేరుతోంది. తర్వాత మెడిసిన్ చదవాలని తన కోరిక. హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల వల్ల 30 క్రెడిట్లు వస్తాయి, అందులో 8 కెమిస్ట్రీవి. హాస్టల్‌తో కలిపి ఏడాదికి 30 వేల డాలర్ల ఖర్చు. 6 వేల స్కాలర్‌షిప్ వచ్చింది. ఏటా 3.5 జీపీఏ (4 పాయింట్లకు గ్రేడ్ల సగటు), 30 క్రెడిట్లు ఉంటేనే అది కొనసాగుతుంది. చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతాలో 90 వేలు ఉన్నాయి. మొదటి సెమిస్టర్‌లోనే ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్, ఇంకో రెండు కోర్సులు కలిపి 18 క్రెడిట్లు తీసుకుంటే డిగ్రీ మూడేళ్లలో అయిపోయి ఒక ఏడాది ఖర్చు మిగులుతుందని నా లెక్క. 12 క్రెడిట్లు దాటాక ఎన్ని తీసుకున్నా ఫీజు ఒకటే. అమ్మాయి మాత్రం 14 చాలంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ విషయంలో అమ్మాయి మాట వినండి. డబ్బు కోణంలో చూసినా తనదే సరైన లెక్క.

ఒక ఏడాది తగ్గితే స్కాలర్‌షిప్ పోను మీకు మిగిలేది 24 వేలు. ఇప్పుడు మెడికల్ కాలేజీ వైపు చూడండి. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో ఇక్కడి వాళ్లకు ట్యూషన్ ఏడాదికి 20 వేల డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. వేరే రాష్ట్రాల ప్రైవేటు కాలేజీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఒక్కటే 60 వేలు దాటింది. నాలుగేళ్లకు తేడా లక్షా 60 వేలు. పైగా టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తమ సీట్లలో కనీసం 90 శాతం రాష్ట్రంలోని వాళ్లకే ఇవ్వాలి. ఇంత పెద్ద అవకాశం మీ ఇంటి ముందే ఉంది. దాన్ని కాపాడేది అమ్మాయి గ్రేడ్లు. మొదటి సెమిస్టర్ గ్రేడ్లు కూడా అందులో లెక్కే.

మెడికల్ కాలేజీల దరఖాస్తులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ గ్రేడ్ల సగటును విడిగా చూస్తారు. ఒక కోర్సు మళ్లీ చదివి 'ఏ' గ్రేడ్ (4 పాయింట్లు) తెచ్చుకున్నా పాత 'సి' (2 పాయింట్లు) చెరిగిపోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. 4 క్రెడిట్ల కెమిస్ట్రీలో ఒక్క సి వచ్చిందనుకోండి. ఆ సగటును 3.7కు తేవాలంటే ఆ తర్వాత 23 క్రెడిట్ల సైన్స్‌లో అన్నీ 'ఏ' గ్రేడ్లే రావాలి. అంటే దాదాపు ఆరు ల్యాబ్ కోర్సులు. ఇంటికి దూరంగా, కొత్త చోట, మూడు ల్యాబ్‌లు ఒకేసారి నెత్తిన పెడితే బాగా చదివే పిల్లలకు కూడా ఇలాంటి సి రావచ్చు. జీపీఏ 3.5 కన్నా తగ్గి స్కాలర్‌షిప్ పోతే మిగతా మూడేళ్లకు 18 వేలు అక్కడే పోతాయి. "ఫీజు ఒకటే కదా" అనిపించే ఆ అదనపు నాలుగు క్రెడిట్లకు అసలు ధర ఇది.

ఇక కోర్సుల సంగతి. ఇంగ్లిష్, హిస్టరీ, క్యాల్‌క్యులస్‌లలో ఏపీ క్రెడిట్లు ఉంటే నిశ్చింతగా వాడుకోండి. కెమిస్ట్రీ క్రెడిట్లను మాత్రం వెంటనే క్లెయిమ్ చేయవద్దు. ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకునే మెడికల్ కాలేజీలు ఉన్నాయి, దాని బదులు పై స్థాయి కోర్సు చదివి రావాలనేవీ ఉన్నాయి. యూనివర్సిటీలో హెల్త్ ప్రొఫెషన్స్ అడ్వైజర్ ఉంటారు, ముందు ఆవిడనో ఆయననో అడగమనండి. నా అభిప్రాయం అడిగితే, ల్యాబ్‌తో కలిపి జనరల్ కెమిస్ట్రీ 1 మళ్లీ చదవడం మంచిది. తెలిసిన సబ్జెక్టే కాబట్టి కాలేజీ పరీక్షల తీరు టెన్షన్ లేకుండా అలవాటవుతుంది, ఏడాది తర్వాత వచ్చే ఆర్గానిక్‌కు పునాది గట్టిపడుతుంది.

ఆ 4 క్రెడిట్లకు తోడు స్టాటిస్టిక్స్ 3, సైకాలజీ 3, ప్రభుత్వ పాలన మీద ఒక కోర్సు 3, మొదటి ఏడాది వాళ్లకు పెట్టే సెమినార్ 1. మొత్తం 14. సైకాలజీ ఎందుకంటే, 2015లో మారిన ఎంక్యాట్‌లో (మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్షలో) సైకాలజీ, సోషియాలజీలకు ఒక సెక్షన్ మొత్తం ఉంది. ప్రభుత్వ పాలన 6 క్రెడిట్లు టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో అందరూ చదవాల్సిందే. అందులో రెండో కోర్సును వేసవిలో మీ ఊరి దగ్గరి కాలిన్ కాలేజీలో చాలా తక్కువ ఫీజుకు పూర్తి చేయవచ్చు. కాకపోతే కెమిస్ట్రీ, బయాలజీ లాంటి ప్రీమెడ్ (మెడిసిన్‌కు ముందు చదవాల్సిన) కోర్సులు యూనివర్సిటీలోనే చదవనివ్వండి.

మూడేళ్ల డిగ్రీ ఆశ దీనితో పోదు. కెమిస్ట్రీ వదిలేసినా 22 ఏపీ క్రెడిట్లున్నాయి. డిగ్రీకి 120 అనుకుంటే మిగిలేది 98. ఇప్పుడు 14, వేసవుల్లో 6 పోతే మిగతా ఐదు సెమిస్టర్లకు సగటున 15, 16 పడతాయి. వసంతంలో, అంటే రెండో సెమిస్టర్‌లో, 16 తీసుకుంటే స్కాలర్‌షిప్ అడిగే 30 కూడా సరిపోతాయి. అయితే మూడేళ్లకే డిగ్రీ ముగించి నేరుగా మెడిసిన్‌లో చేరాలంటే రెండో ఏడాది చివరికే ఎంక్యాట్ రాసి దరఖాస్తు పెట్టాలి. అది నాకు తొందరపాటుగా అనిపిస్తుంది. మూడేళ్లా, నాలుగేళ్లా అన్నది రెండో ఏడాదిలో గ్రేడ్లు చూసుకుని తేల్చుకోండి.

529 సంగతి మరీ ముఖ్యం. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా రుణం తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ రుణాలు (డిగ్రీ తర్వాతి చదువులకు ఇచ్చే ఫెడరల్ రుణాలు) లేవు. మెడిసిన్ లాంటి కోర్సులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షలకే పరిమితం. ఆపైన కావాలంటే ప్రైవేటు రుణమే గతి. అందుకే 90 వేలూ డిగ్రీకే ఖర్చు చేయకండి. ఇద్దరి జీతాలున్నాయి కాబట్టి హాస్టల్, తిండి ఖర్చు నెలవారీ ఆదాయంలోంచి కట్టి, ట్యూషన్‌కు మాత్రమే 529 వాడండి. మిగిలింది మెడికల్ కాలేజీకి అదే ఖాతాలోంచి పన్ను లేకుండా వాడుకోవచ్చు. (హెచ్4 (డిపెండెంట్) వీసా మీద పిల్లలున్న తల్లిదండ్రులు ఇది చదువుతుంటే ఒక మాట. మీ పిల్లలకు ఈ ఫెడరల్ రుణాలు రావు, చాలా మెడికల్ కాలేజీలు దరఖాస్తే తీసుకోవు. మీ లెక్క పూర్తిగా వేరే వేసుకోవాలి.)

సెప్టెంబరు మొదట్లో ఏ కోర్సైనా బరువుగా ఉందనిపిస్తే సెమిస్టర్‌లో క్లాసులు జరిగే 12వ రోజులోపే మానేయమనండి. అప్పటిదాకా అది ట్రాన్స్‌క్రిప్ట్‌లోకి (కాలేజీ ఇచ్చే గ్రేడ్ల రికార్డులోకి) ఎక్కదు. ఆ తేదీ దాటాక మానేసిన కోర్సులు డిగ్రీ మొత్తంలో ఆరు మించకూడదని టెక్సాస్ నిబంధన. అయితే 14లో 3 క్రెడిట్ల కోర్సు మానేస్తే 11 మిగులుతాయి, ఫుల్‌టైమ్‌కు 12 కావాలి. కాబట్టి దాని బదులు ఇంకో కోర్సు దొరుకుతుందో లేదో మానేసే ముందే అడ్వైజర్‌ను అడగాలి. ఏడాదికి 30 లెక్క తప్పకుండా ఆ లోటును వసంతంలో పూడ్చాలి. వేసవి క్రెడిట్లను ఆ 30లో కలుపుతారో లేదో స్కాలర్‌షిప్ ఆఫీసును ఇప్పుడే ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబు దాచుకోండి. ఆగస్టు ఫీజుకు 529 నుంచి డబ్బు తీసేటప్పుడు ఫీజు కట్టిన క్యాలెండర్ సంవత్సరంలోనే తీయండి, రసీదులు పారేయకండి.