ఓటిస్ చెప్పినవాళ్లను వెనక్కి తేవడం గురించి సాహితికి

సాహితీ తల్లీ,

ఈసారి డెడ్ రైజింగ్ అనే జాంబీల వీడియో గేమ్‌లో ఎవర్నీ వదలకుండా వెతికి తెస్తానని, సెయింట్ అచీవ్‌మెంట్ వచ్చేదాకా ఆగనని అన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అంటే 50 మందిని కాపాడాలి! విని ఎంత మురిసిపోయానో. వెంటనే భయం కూడా పట్టుకుంది. నీకు మనుషుల్ని వెతకడం వచ్చు, వెనక్కి తేవడం ఇంకా రాలేదు. జాంబీలు నిండిన ఆ మాల్‌లో మనిషి కనిపించాడంటే దొరికినట్టు కాదమ్మా. డక్ట్‌లోంచి సెక్యూరిటీ రూమ్‌లోకి దూరేదాకా తప్పిపోయినవాడి కిందే లెక్క. ఈ ఒక్క మాట చెబుదామనే కూర్చున్నాను, మిగతావి దాని వెంట వస్తాయి.

నీ దగ్గరున్నది 2016లో పీసీకి వచ్చింది కాబట్టి దాన్ని బట్టే రాస్తున్నా. 2024లో వచ్చిన డీలక్స్ రీమాస్టర్‌లో వెంట నడిచేవాళ్లకు కాస్త బుద్ధి పెట్టారు, ఆటోసేవ్ కూడా ఇచ్చారు. నీకు అవేవీ లేవు. 2006లో ఎక్స్‌బాక్స్ 360 మీద ఆడినవాళ్లు పడ్డ పాట్లే నీకూ తప్పవు.

ముందు టైము. ఆటలో గంట మనకు 5 నిమిషాలు. హెలికాప్టర్ వచ్చేదాకా ఉన్న 72 గంటలూ కలిపితే 6 గంటలే. స్కూప్ అంటే ఎవరు ఎక్కడున్నారో చెప్పే కబురు, దాని పక్కన తగ్గిపోతూ కనిపించే గీత ఆ మనిషిని కలుసుకోవడానికి ఉన్న గడువు. వాచీ తీసి ఆ గీతలు చూసుకోకుండా ఏ తలుపూ దాటకు. ఏది ముందు అయిపోతుందో దాని దగ్గరికి ముందు వెళ్లు, ఏది దగ్గరగా ఉందో దాని దగ్గరికి కాదు.

సెక్యూరిటీ రూమ్‌లో ఉండి ఈ కబుర్లు చెప్పే ఓటిస్ వాకీటాకీలో పిలిస్తే ఏ షాపులోకో దూరి, చుట్టూ ఖాళీగా ఉన్నప్పుడు ఎత్తు. మాట్లాడుతున్నంతసేపూ నువ్వు ఆడించే ఫ్రాంక్ కొట్టలేడు, ఎగరలేడు. మధ్యలో జాంబీ పట్టుకుంటే కాల్ తెగిపోతుంది, మళ్లీ చేసి మధ్యలో పెట్టేశావని నిన్నే తిడతాడు.

బయల్దేరేముందు బాత్రూమ్‌లోనో, సెక్యూరిటీ రూమ్ సోఫా దగ్గరో సేవ్ చెయ్. ఉన్న స్లాట్లన్నీ మార్చి మార్చి వాడు. గడువు దాటాక చేసిన సేవ్‌తో పాత సేవ్‌ను చెరిపేసుకుంటే ఆ మనిషి ఇక నీకు లేనట్టే.

మనిషి కనిపించగానే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేద్దామనుకోకు. చుట్టూ ఉన్న జాంబీలను ముందు కొట్టెయ్, తర్వాత మాట్లాడు. ఒకసారి మాట్లాడితే చాలామంది రారు. భయంతో ఉంటారు, కోపంగా ఉంటారు, అయినవాళ్లు పోయి ఏడుస్తుంటారు. వెంట వస్తానని తేల్చి చెప్పేదాకా మళ్లీ మళ్లీ మాట్లాడాలి. కొందరికి మాటలొక్కటే చాలవు. ఫుడ్ కోర్ట్‌లో ఉండే రొనాల్డ్ ఆకలి తీరందే కదలడు, తినడానికేదైనా పట్టుకెళ్లు. జపాన్ నుంచి వచ్చిన ఇద్దరు టూరిస్టులకు నీ మాట అర్థం కాదు. పుస్తకాల షాపులో దొరికే జపనీస్ సంభాషణల పుస్తకం నీ దగ్గర ఉంటేనే వాళ్లతో పని జరుగుతుంది. మొదట్లో నీకుండేవి 4 గళ్లే కాబట్టి ఎవరి కోసం వెళ్తున్నావో తెలుసుకుని దాన్ని బట్టి సంచి సర్దుకో. ఒక గడిలో ఆయుధం, ఒక గడిలో ఆరెంజ్ జ్యూస్, ఒక గడిలో ఆ మనిషికి కావాల్సిన వస్తువు. నాలుగోది ఖాళీగా ఉంచుకో, ఎందుకో చెబుతాను.

జాంబీల్లో అప్పుడప్పుడు ఒకటి వింతగా వణుకుతూ కనిపిస్తుంది. దాన్ని చంపితే లోపలున్న క్వీన్ పురుగు బయటికొస్తుంది, పట్టుకుని ఉంచుకో. వెంట ఉన్నవాళ్లను గుంపు కమ్మేసినప్పుడు దాన్ని విసిరికొడితే చుట్టుపక్కల జాంబీలన్నీ ఒక్కసారిగా కూలిపోతాయి, మనవాళ్లకు చిన్న దెబ్బ కూడా తగలదు. కత్తి, బ్యాటు, చైన్‌సా అలా కావు, పక్కనున్నవాళ్లకూ తగులుతాయి. క్వీన్‌ను దారిలో సరదాకి వాడెయ్యకు, తలుపు దగ్గరికి దాచుకో.

ఎందుకంటే మనుషులు పోయేది ఎక్కువగా తలుపుల దగ్గరే. నువ్వు తలుపు తీసేసరికి నీ దగ్గరగా ఉన్నవాళ్లే నీతో వస్తారు. దూరంగా ఉన్నవాళ్లు ఆ జాంబీల మధ్యనే మిగిలిపోతారు. కాబట్టి తలుపుకు కాస్త ఇవతలే ఆగు, వెనక్కి తిరుగు, తలలు లెక్కపెట్టు. కంట్రోలర్‌లో వై నొక్కితే పిలుస్తావు. కుడి ట్రిగ్గర్ పట్టుకుని గురిపెట్టి వై నొక్కితే, ఎక్కడ గురిపెట్టావో అక్కడికి వెళ్లమన్నట్టు. ఈ రెండోదాన్ని నువ్వు అసలు వాడవు. అందర్నీ ముందు తలుపు పక్కకు పంపి, నువ్వు వెనకాల ఉండి దారి కాయాలి. నడవలేనివాళ్లను మొయ్యి, భుజం ఇవ్వు, చెయ్యి పట్టుకునే వీలున్నవాళ్లను పట్టుకుని నడిపించు. ఇద్దరు కలిసి కనిపిస్తే నెమ్మదిగా నడిచేవాళ్లను నీ దగ్గర పెట్టుకో, గట్టివాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఆయుధం ఇచ్చినవాళ్లు పరుగెత్తడం మానేసి నిలబడి కొట్లాడతారు, అందుకని అందరి చేతుల్లోనూ పెట్టకు.

ఇక అసలు విషయం, మాల్ మధ్యలో ఆరుబయట ఉన్న లీజర్ పార్క్.

పోయిన సంక్రాంతి సెలవుల్లో నువ్వు చేసిన పని గుర్తుందిగా? నలుగుర్ని వెంటేసుకుని రాత్రిపూట ఫుడ్ కోర్ట్ తలుపు తీసి పార్క్‌లోకి నడిచావు. మ్యాప్‌లో చూస్తే అదే దగ్గరి దారి, ఎదురుగా ప్యారడైజ్ ప్లాజా, అది దాటితే వేర్‌హౌస్. ఇంకో స్కూప్ గడువు అయిపోతోందని తొందర. జీపు చప్పుడు విన్నావు, విని కూడా ముందుకే పరుగెత్తావు. నలుగురూ పోయారు. ఆ పూట అన్నం దగ్గర కూర్చుని మెతుకు ముట్టలేదు.

ఆ రోజు నిన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఇప్పుడంటున్నాను. అది ఆటకు కొత్తవాళ్లు చేసే పొరపాటు కాదు, ఆట కాస్త వచ్చినవాళ్లు చేసేది. కొత్తవాళ్లు ఆ పార్క్‌ను చూస్తేనే జంకుతారు. రెండుమూడు స్కూప్‌లు గెలిచినవాళ్లకే దారి కలిసొస్తుంది కదా, ఇంకొకర్ని కూడా కలుపుకుపోదామని ఆశ పుడుతుంది. మొదటి రోజు రాత్రి ఆ పార్క్‌లోకి ముగ్గురు ఖైదీలు జీపు వేసుకుని వస్తారు. ఒకడు నడుపుతాడు, ఒకడు వెనక మెషిన్ గన్ పట్టుకుంటాడు, ఇంకొకడు బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని వేలాడుతుంటాడు. గన్ దెబ్బలకు ఫ్రాంక్ తట్టుకుంటాడు, తినడానికి ఉంటే కోలుకుంటాడు. వెంట ఉన్నవాళ్లు తట్టుకోలేరు. పైగా నువ్వు పరుగెత్తితే వాళ్లు చెట్టు చాటుకో గోడ చాటుకో పోరు, నిన్ను అందుకోవడానికి ఆరుబయట నేరుగా పరుగెత్తుతారు, జీపు వాళ్ల మీదుగానే పోతుంది. అదీగాక రాత్రి 7 దాటితే జాంబీల కళ్లు ఎర్రబడతాయి, పగటికంటే దూకుడుగా మీదికొస్తాయి. కిందపడ్డవాణ్ణి లేపే లోపే మూగుతాయి.

కాబట్టి ఇలా చెయ్. వెంట ఒక్కరు కూడా లేనప్పుడు, నువ్వొక్కదానివే పార్క్‌లోకి వెళ్లు. నిండుగా తిని, తుపాకీతో వెళ్లు. జీపు ఎక్కలేనంత ఎత్తున్న చోటు చూసుకుని నిలబడు. ముందు గన్ పట్టినవాణ్ణి కొట్టు, వాడు పడితే మిగతా ఇద్దరు పెద్ద కష్టం కాదు. తర్వాత డ్రైవర్, చివర్న బ్యాట్‌వాడు. వాళ్లు వెంటాడుతున్న సోఫీ అనే అమ్మాయి అక్కడే ఉంటుంది, ఆమెతో మాట్లాడి తీసుకురా, ఆ 50లో ఆమె కూడా ఒకరు. జీపు మీద గన్‌ను ఊడదీసుకోవచ్చు. తర్వాత పెద్ద గుంపును దాటించేటప్పుడు అది పనికొస్తుంది.

అయితే ముగ్గుర్నీ చంపాక పార్క్ నీదైపోయిందనుకోకు. అర్ధరాత్రి దాటితే మళ్లీ వస్తారు. ప్రతి రోజూ ఇదే తంతు. అందుకే గుంపును దాటించే ముందు వాచీ చూడు. 11 గంటలప్పుడు ఫుడ్ కోర్ట్‌లో ఇంకా ఎవరితోనో మాట్లాడుతున్నావంటే, ఆ రాత్రి పార్క్ దాటే ఆలోచన మానుకో. ముందు ఒక్కదానివే వెళ్లి పార్క్ చూసి రా, అప్పుడు వాళ్లను కదిలించు. స్కూప్ ఒకటి పోతే పోనీ. నీ వెనకాల నడుస్తున్నవాళ్లు నిన్ను నమ్మి వస్తున్నారు, ఇంకా చూడని మనిషి కోసం వాళ్లను తీసుకెళ్లి మెషిన్ గన్ ముందు పెట్టకూడదు.

వండర్‌ల్యాండ్ ప్లాజా నుంచి తెచ్చేవాళ్లకు వేరే దారుంది. అక్కడ చైన్‌సాలు తిప్పే క్లౌన్ ఆడమ్‌ను ఓడించి, రోలర్ కోస్టర్ ఆపి, అందులో చిక్కుకున్న గ్రెగ్‌ను దించు. ఆ ప్లాజా బాత్రూమ్ నుంచి ప్యారడైజ్ ప్లాజాకు ఉన్న అడ్డదారి అతనే చూపిస్తాడు. పార్క్ ముఖం చూడకుండా రావచ్చు. ఈ ఒక్క దారి కోసమే ఆడమ్ పని ముందు ముగించమంటాను. వాడు వదిలే చిన్న చైన్‌సా కూడా వదలకు, మన్నికను పెంచే పుస్తకాలు దగ్గర పెట్టుకుంటే అది చాలాకాలం వస్తుంది.

ఒకేసారి 8 మంది దాకా వెంట నడుస్తారు. నువ్వు మాత్రం నలుగురికి మించకు. ఎనిమిది తలలు లెక్కపెట్టడం ఆ గుంపులో నీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

ప్యారడైజ్ ప్లాజా నుంచి వేర్‌హౌస్, లిఫ్ట్, మేడ, డక్ట్. మేడ మీదికి చేరాక పరుగు ఆపు. డక్ట్ పక్కన అందరూ చేరాకే లోపలికి దూరు.

లోపలికి తెచ్చాక పని అయిపోయిందనుకుంటావు, అక్కడా ఓ కన్ను ఉండాలి. తర్వాత్తర్వాత సెక్యూరిటీ రూమ్ నుంచే కాల్స్ వస్తాయి. రొనాల్డ్‌కు మళ్లీ ఆకలేస్తుంది, ఫ్లాయిడ్ వైన్ అడుగుతాడు, కిండెల్ ఇక్కడ ఉండలేమని మిగతావాళ్లను ఉసిగొల్పుతాడు. పట్టించుకోకపోతే అంత కష్టపడి తెచ్చినవాళ్లు బయటికి వెళ్లిపోతారు. ఆ కాల్స్‌ను కొత్త మనుషుల కోసం వచ్చే కాల్స్ కంటే ముందు చూడు. అలాగే రెయిన్‌కోట్లు వేసుకున్న ముఠా మొదలయ్యాక వాళ్ల మత్తు పొడికి దొరక్కు. స్పృహ తప్పి, వస్తువులన్నీ పోయి ఎక్కడో లేస్తావు, నీ వెనకాల నడిచినవాళ్లు దిక్కులేకుండా మిగులుతారు.

ఇంకో మాట, ఇది విని అలగకు. మొదటి ఆటలోనే 50 మందిని తేలేవు. నాలుగు గళ్ల ప్రాణం, నాలుగు గళ్ల సంచితో అది చాలా కష్టం. మొదటిసారి ఎంతమంది వస్తే అంతమందిని తెచ్చి లెవెల్ పెంచుకో, ఒక్కో మనిషికీ పాయింట్లు బాగా వస్తాయి. తర్వాత లెవెల్ నిలుపుకుని కథ మొదటి నుంచి మొదలుపెట్టే ఆప్షన్ ఎంచుకో. రెండోసారి మొదలయ్యేసరికి ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉంటారో నీకే తెలుస్తుంది, ఒక నోట్‌బుక్‌లో ప్లాజాలవారీగా రాసుకో. నువ్వు పట్టుదల గలదానివి, ఆ నోట్‌బుక్ ఉంటే చేస్తావు. నాకేమీ అనుమానం లేదు.

శనివారం పొద్దున టిఫిన్ తిని మొదలుపెట్టు, రాత్రి పదింటికి కాదు. మధ్యలో ఒకసారి లేచి భోంచెయ్, ఆట పాజ్‌లో ఉంటే గడువులు కదలవు. మొదటి రోజు అర్ధరాత్రి దాకా ఎంతమంది చేరారో, పార్క్‌లోకి ఎప్పుడెళ్లావో నాకు మెసేజ్ పెట్టు. రెండో రోజు దారి ఇద్దరం కలిసి వేసుకుందాం.

నీ పిన్ని