పీసీఓఎస్ ఉంటే ట్రిగ్గర్‌కి (అండాలను పక్వం చేసే ఆఖరి ఇంజెక్షన్‌కి) హెచ్‌సీజీ కాకుండా లూప్రోలైడ్ ఎందుకు?

చెన్నైలో ఐవీఎఫ్ చేయించుకుంటున్నారు, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) ఉంది, స్కాన్‌లో ఇరవైకి పైగా ఫాలికిల్స్ (అండాలు పెరిగే చిన్న నీటి సంచులు) కనిపించాయి. అందరికీ ఇచ్చే హెచ్‌సీజీ హార్మోన్ బదులు లూప్రోలైడ్ ఎందుకు రాశారని మీ ప్రశ్న.

మీ భద్రత కోసమే. హెచ్‌సీజీ 5,000–10,000 యూనిట్లు ఇస్తే ఒంట్లో వారం దాకా ఉండి అండాశయాలను రెచ్చగొడుతూనే ఉంటుంది. పొట్టలో నీరు చేరే ఓహెచ్‌ఎస్‌ఎస్ ముప్పు అక్కడే. లూప్రోలైడ్ మెదడు అడుగున ఉండే మీ పిట్యూటరీ గ్రంథి నుంచే, అండాలను పక్వం చేసే ఎల్‌హెచ్ హార్మోన్‌ను ఒక్కసారిగా విడుదల చేయిస్తుంది, ఒకటిన్నర రోజులో అది సద్దుమణుగుతుంది. అయితే ఇది యాంటాగనిస్ట్ పద్ధతిలోనే (అండాలు ముందే విడుదల కాకుండా కొద్ది రోజులే మందు ఇచ్చే పద్ధతి) పనికొస్తుంది. లాంగ్ ప్రోటోకాల్‌లో పిట్యూటరీని ముందే అణిచేసి ఉంచుతారు కాబట్టి స్పందించదు. పైగా దీని తర్వాత గర్భాశయ పొరకు హార్మోన్ల ఆసరా తగ్గుతుంది, అందుకే ఎక్కువగా పిండాలను ఫ్రీజ్ చేస్తారు.

మందుల షాపులో ఒక్కటి గట్టిగా చూసుకోండి: ఒంట్లో నెమ్మదిగా విడుదలయ్యే 3.75 మిల్లీగ్రాముల డిపో వేరు, ట్రిగ్గర్‌కి వాడే మామూలు వయల్ వేరు. డిపో తీసుకోకండి.

అండాల సేకరణ ఉదయం 8కి అయితే ఇంజెక్షన్ రెండు రాత్రుల ముందు, దాదాపు 9 గంటలకు. ఆలస్యమైతే దాచకుండా వెంటనే క్లినిక్‌కి ఫోన్ చేయండి, సేకరణ సమయం జరుపుతారు.