ఉప్పుటేరు పక్కన ప్లాటు: ఈసీ క్లియర్‌గా ఉంటే చాలదా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 62 వేలు వస్తుంది. కాకినాడ అవతల ఒక పల్లెలో ఉప్పుటేరు పక్కనే వెంచర్ వేశారు. 200 గజాలు 22 లక్షలంటున్నారు. నా దగ్గర 14 లక్షల ఎఫ్‌డీ ఉంది. బ్యాంకు ప్లాటు లోన్ కుదరదంది. మిగతా 8 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోమని ఏజెంటు చెబుతున్నాడు. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) క్లియర్‌గానే ఉంది, 22ఏ (రిజిస్ట్రేషన్) నిషేధిత జాబితాలో లేదు, పంచాయతీ అనుమతి ఉందట. 25 వేలు టోకెన్ ఇచ్చాను. రిటైరయ్యాక అక్కడ ఇల్లు కట్టుకోవాలని ఆశ. కొనమంటారా?

జవాబు: ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితాలతో అయితే వద్దు.

నాకు ముందుగా అనుమానం తెప్పించింది ధర కాదు, బ్యాంకు కాదనడం. ఎందుకు కాదన్నారో మేనేజర్ని అడిగి తెలుసుకోండి. లీగల్ ఒపీనియన్‌లో ఏదో ఒక మాట రాసే ఉంటారు.

ఈసీ చూపించేది ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు, అంతే. 22ఏలో ప్రభుత్వ, దేవదాయ భూముల్లాంటివి ఉంటాయి. సొంత జిరాయితీ భూమి తీరప్రాంత నియంత్రణ మండలంలో, అంటే సీఆర్‌జెడ్‌లో పడినా, ఈ రెండు చోట్లా శుభ్రంగానే కనిపిస్తుంది. రిజిస్ట్రేషనూ అయిపోతుంది. భూమి మీదే, ఇల్లు మాత్రం కట్టలేరు!

సీఆర్‌జెడ్ అనగానే అందరూ సముద్రం ఒడ్డు అనుకుంటారు. పోటు నీళ్లు ఎక్కే నదులకు, ఉప్పుటేళ్లకు కూడా అది వర్తిస్తుంది. 2011 నోటిఫికేషన్ ప్రకారం పోటు గీత నుంచి 100 మీటర్లు లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అంత మేర పట్టీ దీని కిందికి వస్తుంది. 2019లో ఆ 100ను 50కి తగ్గించారు. అయితే కొత్త నోటిఫికేషన్ ప్రకారం తీర ప్రణాళిక మ్యాపులు ఆమోదం పొందేదాకా పాతదే నడుస్తుంది. పల్లెల్లో ఈ పట్టీలో కొత్త ఇంటికి అనుమతి ఉండదు. ఒడ్డున మడ చెట్లు వెయ్యి చదరపు మీటర్లకు మించి ఉంటే వాటి చుట్టూ 50 మీటర్ల బఫర్ వేరే ఉంటుంది.

ఇప్పుడు మీ ప్లాటుకు లెక్క వేద్దాం. 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు అనుకుందాం. లోతు సుమారు 18 మీటర్లు. ఏరు 30 మీటర్ల వెడల్పుంటే వదలాల్సిందీ 30 మీటర్లే. పోటు గీతకు 20 మీటర్ల దూరంలో మీ హద్దు మొదలైతే, ముందున్న 10 మీటర్లు పట్టీలోకి పోతాయి. అంటే 200 గజాల్లో దాదాపు 110 గజాలు, గజం 11 వేల చొప్పున 12 లక్షల పైమాట. మిగిలిన 27 అడుగుల లోతులో సెట్‌బ్యాకులు తీసేస్తే ఇల్లు కాదు, వరండా మిగులుతుంది. ఏరు 80 మీటర్ల వెడల్పయితే పాత లెక్కన చూసినా కొత్త లెక్కన చూసినా ప్లాటంతా లోపలే.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. ఏజెంటు టేపు పట్టేది మధ్యాహ్నం పూట నీళ్లు వెనక్కి తీసినప్పుడు, బురద అంచు నుంచి. నిబంధనలో పోటు గీత అంటే అమావాస్య, పౌర్ణమి పెద్ద పోటుకు నీళ్లు ఎంతవరకు ఎక్కుతాయో అక్కడ. ఈ రెండింటి మధ్య తేడాలోనే మీ ప్లాటు మునిగిపోవచ్చు.

పంచాయతీ అనుమతి ఉందన్న ధీమా కూడా వద్దు. కొచ్చి దగ్గర మరడులో కాయల్ (ఉప్పునీటి సరస్సు) ఒడ్డున కట్టిన నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలకూ పంచాయతీ పర్మిట్లు ఉన్నాయి. సీఆర్‌జెడ్ ఉల్లంఘన అని 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చమంది. 2020 జనవరిలో రెండు రోజుల్లో అన్నీ నేలమట్టం. ఫ్లాటుకు 25 లక్షల మధ్యంతర పరిహారం ఇప్పించారు నిజమే, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లాక.

ఈ నిబంధనల మీద జనానికి కోపం ఉంది, నాకూ కొన్ని చోట్ల అతిగా అనిపిస్తాయి. ఉప్పుటేరు విషయంలో మాత్రం కాదు. తుపాను వేళ కింద నుంచి పోటు తన్నుతుంటే, పై నుంచి వచ్చిన వాన నీరు దిగే దారి లేక పక్కనున్న పర్ర (చిత్తడి) భూముల్లోకి పరుచుకుంటుంది. వెంచర్‌ను గ్రావెల్‌తో మెరక చేశారంటే ఆ నీళ్లు మాయమైపోవు, పక్కవాడి ఇంట్లోకి పోతాయి, లేదా రోడ్డు మీద నిలిచి మిమ్మల్ని బయటికి రానివ్వవు. ఇల్లు కట్టాక వరదకు బీమా దొరుకుతుంది, భారత్ గృహ రక్ష పాలసీలో వరదా తుపానూ ఉన్నాయి. అది ఇంటికి, ఇంట్లోని సామానుకే, స్థలం విలువకు కాదు.

ఇక మీ జేబు సంగతి. 8 లక్షలు 12 శాతానికి ఐదేళ్లు వేసుకుంటే నెలకు సుమారు 17,800 కిస్తీ. ఎఫ్‌డీ మొత్తం పోయి, అత్యవసరానికి రూపాయి లేకుండా, జీతంలో పావు వంతు కన్నా ఎక్కువ ఒక అనుమానపు స్థలానికి. అద్దె రాదు, పంట రాదు.

అయినా మనసు పోవడం లేదంటే ఆ సర్వే నంబరును తీర ప్రణాళిక మ్యాపు మీద గుర్తించి, పోటు గీత నుంచి దూరం రాసిన నివేదిక తెమ్మని వెంచర్ వాళ్లను అడగండి. ఆమోదం పొందిన లేఅవుట్ నంబరు కూడా అడగండి. ఇల్లు కట్టడానికి అనుమతి రాకపోతే సొమ్ము వాపసు అనే షరతు అగ్రిమెంటులో రాయించుకోండి. రాయనంటే మీకు జవాబు దొరికినట్టే.

టోకెన్ 25 వేలు తిరిగి ఇవ్వమని ఒక మెసేజ్ పెట్టి ఉంచండి. ఇవ్వకపోయినా, అది ఒకటిన్నర కిస్తీ కూడా కాదు. ముందున్నవి 60.