ఎంఆర్‌ఎన్ఏ ఎంజైములని ఆపే మందుల మీద పనిచేయాలంటే ఏ ఎమ్మెస్సీ?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ త్రీ (డిగ్రీ) జువాలజీ ఆఖరి ఏడు చదువుతున్న అమ్మాయి ప్రశ్న: "ఎంఆర్‌ఎన్ఏని తయారుచేసే ఎంజైముల మీద మందులు కనిపెట్టాలనుంది. బయోటెక్నాలజీలో చేరనా? నాన్న బీఎడ్ అంటున్నారు."

తల్లీ, ముందు ఆ పనేంటో మీ నాన్నకి అర్థమయ్యేలా చెప్పు, సగం టెన్షన్ అక్కడే ఉంది. పలాస జీడిపప్పు ఆయనకి తెలుసుగా, గింజని కాల్చి, పెంకు కొట్టి, పొట్టు తీస్తేగాని పప్పు బజారుకి రాదు. ప్రోటీన్ చేయడానికి జన్యువు నుంచి కణం తీసుకునే ఎంఆర్‌ఎన్ఏ నకలూ అంతే, పచ్చిగా పనికిరాదు. ముందు మొదట్లో క్యాప్ (టోపీ లాంటి రసాయన ముక్క) తొడగాలి, మధ్యలో ఇంట్రాన్లు (అక్కర్లేని ముక్కలు) కత్తిరించాలి, చివర తోక తగిలించాలి. ఇందులో చాలా పని ఎంజైములదే, అంటే కణంలో రసాయన చర్యలు నడిపే ప్రోటీన్లదే.

మరి రోగక్రిమిని చంపడానికి మందుతో అలాంటి ఎంజైముని ఆపితే మన కణాలూ చస్తాయి కదా? నేనైతే ఇంటర్వ్యూలో ఇదే అడుగుతా. మలేరియా క్రిమిలో క్యాప్ తొడిగే మొదటి మెట్టు ఎంజైము మనదాని లాంటిది కాదు, లోహపు అయాన్లు లేనిదే పనిచేయదు. ఈ తేడా 2001లోనే తేలింది, మందు మాత్రం ఇంకా రాలేదు. మలేరియా అంటే ఏంటో మన ఏజెన్సీ ఊళ్లకి వేరే చెప్పాలా! ఫ్లూలో కొంత నయం. ఆ వైరస్ సొంతంగా క్యాప్ చేసుకోలేక మన ఎంఆర్‌ఎన్ఏల క్యాపులు కోసుకుపోతుంది (పక్కా దొంగ), ఆ కోసే ఎంజైముని ఆపే బాలోక్సవిర్‌కి 2018లో జపాన్‌లో అనుమతి వచ్చింది.

ఇక కోర్సు. బయోటెక్నాలజీ అన్న పేరు చూసి చేరిపోకు, బయోకెమిస్ట్రీ గట్టిగా చెప్పే చోటు వెతుకు. ఎంజైముని ఆపేది ఒక రసాయనం కాబట్టి ఆర్గానిక్ కెమిస్ట్రీ తప్పదు, జువాలజీ పిల్లలు జారిపోయేది ఇక్కడే. హైదరాబాద్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఐఐటీలకి జామ్, బరంపురం యూనివర్సిటీకి సీపీఈటీ రాయి. పీహెచ్‌డీకైతే బరంపురంలోనే ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఉంది.

డబ్బు సంగతి దాచను. ఎమ్మెస్సీ అయ్యాక సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు, కానీ పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఈలోగా చుట్టాలు పెళ్లి గురించి అడుగుతూనే ఉంటారు. జేఆర్ఎఫ్ రాకపోతే బీఎడ్ అప్పుడు చేసుకోవచ్చు, నాన్నతో ఆ మాట ఇప్పుడే అనేసుకో.

ఈ వారం లైబ్రరీలో బయోకెమిస్ట్రీ పుస్తకం తీసి ఎంజైమ్ కైనెటిక్స్ (ఎంజైము ఎంత వేగంగా పనిచేస్తుందో చెప్పే) అధ్యాయం లెక్కలతో సహా చెయ్యి. ఆ లెక్కలు చిరాకనిపిస్తే ఫారం నింపకముందే నాకు రాయి.