పదహారు గంటలు కాదే, నలభై

చెల్లీ,

అమ్మాయి పురుడుకి మేలో డల్లాస్ వెళ్తున్నారని, మరిదిగారు అప్పుడే లెక్క కూడా కట్టేశారని మీ బావగారు చెప్పారు. హైదరాబాద్ నించి 14,400 కిలోమీటర్లు, విమానం గంటకి 900 పోతుంది, అంటే పదహారు గంటలు. లెక్క తప్పేం కాదు, గ్లోబు మీద ఆ రెండు ఊళ్ళకీ దారం బిగించి పట్టుకుంటే అంతే వస్తుంది (ఆ దారం ఉత్తర ధ్రువం పక్కనించి పోతుంది, కావాలంటే చూడమను). కానీ మీరు వెళ్ళేది ఆ దారం వెంట కాదుగా.

దుబాయ్ మీదుగా అనుకో. అక్కడికి 2,500 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కణ్ణించి డల్లాస్‌కి 12,900, పదహారు గంటలు ఒకే సీట్లో. శంషాబాద్‌కి మూడు గంటల ముందు చేరాలి, దుబాయ్‌లో ఓ నాలుగు గంటలు కూర్చోవాలి, దిగాక ఇమిగ్రేషన్ క్యూ, సూట్‌కేసులు, వీటన్నిటికీ ముందు అమలాపురం నించి కారులో పది గంటలు. కలుపుకుంటే మీ గుమ్మం నించి దాని గుమ్మానికి నలభై గంటలు. నర్సాపురం పెళ్ళికి వెళ్ళినప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు పడవ కోసం గంట కూర్చుని పావుగంటలో గోదారి దాటాం చూడు, అలాంటిదే ఇదీ.

టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైం ఆ ఊరిది. మేలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కితే అదే తేదీ సాయంత్రం ఐదున్నరకి దిగుతారు. పదమూడున్నర గంటలే అని మురిసిపోకు, విమానాల్లో, మధ్యలో కలిపి ఇరవై నాలుగూ గడిచాకే దిగుతావు. తిరిగొచ్చేటప్పుడు పైగాలి వెనకనించి తోస్తుంది కాబట్టి ఆ పెద్ద విమానం ఓ గంట పైనే తగ్గుతుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మధ్యలో రెండు గంటల లోపు ఉన్న టికెట్ ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు. మేం రెండోసారి వెళ్ళినప్పుడు గంటంపావు ఉన్నది కొన్నాం, మొదటి విమానం నలభై నిమిషాలు లేటు, పరిగెత్తుకెళ్ళేసరికి గేటు మూసేశారు, పదకొండు గంటలు ఇనప కుర్చీల్లో. మీ బావగారు ఇప్పటికీ ఆ మిగిలిన డబ్బుల గురించి మాట్లాడరు. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండబట్టి ఖర్చు లేకుండా తర్వాతది ఎక్కించారు, విడివిడిగా కొనుంటే మళ్ళీ కొనుక్కోవలసిందే.

వీల్‌చైర్ అడగడానికి నామోషీ పడకు. నీ మోకాళ్ళకి అది అవసరం, పైగా తోసేవాళ్ళే గేటు దాకా దింపుతారు, ఇంగ్లీషు టెన్షన్ ఉండదు. బీపీ మాత్రలు చేతిసంచీలోనే, ఏ టైముకి వేసుకోవాలో డాక్టర్నడిగి కాయితం మీద రాయించుకో. రెండు గంటలకోసారి లేచి నడువు, కాళ్ళు వాస్తాయి.

ఆవకాయ పెద్ద పెట్టెలో పెట్టు, చేతిసంచీలో ఒప్పుకోరు. కురిడీలు మాత్రం ఎందులోనూ వద్దు, ఎండుకొబ్బరిని వేడెక్కి అంటుకునే సరుకు కింద జమకట్టేశారు, మన కోనసీమకే ఈ రాత! మామిడిపళ్ళు అక్కడ దిగగానే తీసేసుకుంటారు, కాబట్టి పూతరేకులు పట్టుకెళ్ళు.

నాలుగింటి విమానమైతే ముందురోజు మధ్యాహ్నం రెండు దాటకుండా కారెక్కండి, దారిలో భోజనానికీ, నీ నడుముకీ ఆపాలి. పెట్టెలు తూచాక ఫోన్ చెయ్యి.

అక్క