లండన్‌లో పదకొండు మందికి బస: బంగారం తాకట్టా, క్రెడిట్ కార్డా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని, వయసు 49. నెలకు చేతికి 78 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 40 వేలు. మా అబ్బాయి లండన్‌లో ఎమ్మెస్సీ పూర్తిచేశాడు, జులై మూడో వారంలో స్నాతకోత్సవం. నేను, మా ఆవిడ, అమ్మానాన్న (69, 74 ఏళ్లు), మా అత్తగారు, అక్కాబావ, తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లలిద్దరు (9, 6 ఏళ్లు), మొత్తం పదకొండు మందిమి ఎనిమిది రాత్రులు ఉండేలా వెళ్దామనుకుంటున్నాం. మా ఐదుగురి విమానం టికెట్లకు చీటీ డబ్బు ఉంది, మిగతావాళ్లు ఎవరిది వాళ్లు పెట్టుకుంటారు. బస మాత్రం నేనే చూడాలి. ఒక యాప్‌లో పది మంది పట్టే ఇల్లు 3,600 పౌండ్లకు దొరికింది. క్యాన్సిల్ చేసుకునే వీలు వద్దనుకుంటే పది శాతం తగ్గించి 3,240కే ఇస్తారట. ఎఫ్‌డీలో ఉన్న 3.2 లక్షలు కదపకుండా మా ఆవిడ బంగారం మీద 4 లక్షలు తేవాలా, క్రెడిట్ కార్డు మీద 16 శాతానికి ఏడాది ఈఎంఐ పెట్టుకోవాలా? అబ్బాయి చదువుకు తీసుకున్న 28 లక్షల లోనుకు ఈఎంఐ అక్టోబరు నుంచి మొదలవుతుంది. వాడు ప్రస్తుతం అక్కడ పార్ట్‌టైమ్ చేసుకుంటూ ఉద్యోగం వెతుకుతున్నాడు.

జవాబు: రెండూ వద్దు మాస్టారూ. మీరు ఉత్తరం చివర్లో రాసిన ఆ లోను సంగతి మొదటి వాక్యంగా రాసి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. పిల్లల్ని పైచదువులకు పంపి, లోను ఈఎంఐ ఇంకా మొదలవని ఆ ఏడాదిని ‘ఖాళీ ఏడాది’ అనుకుని అందులోకి ఇంకో అప్పు దూర్చడం మన వైపు బాగా అలవాటైపోయింది. ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందుకే.

ముందు అక్టోబరు లెక్క చూడండి. 28 లక్షలు, పదేళ్లు, 10.5 శాతం అనుకుంటే నెలకు దగ్గర దగ్గర 38 వేలు. మారటోరియంలో, అంటే ఈఎంఐ మొదలవని ఆ గడువులో, వడ్డీ కట్టకపోతే అది అసలులో కలిసిపోయి ఉంటుంది, అప్పుడు ఇంకా ఎక్కువే. ఇంటి ఖర్చు 40, ఈఎంఐ 38, కలిపి 78. మీ జీతం సరిగ్గా అంతే. అబ్బాయికి స్థిరమైన ఉద్యోగం దొరికేదాకా బ్యాంకు చూసేది సహ రుణగ్రహీత సంతకం పెట్టిన మీ వైపే. ఆరు నెలల అత్యవసర నిధి అంటే మీ ఇంట్లో 4.68 లక్షలు ఉండాలి. ఉన్నది 3.2 లక్షలు. ‘ఎఫ్‌డీ కదపను’ అంటున్నారు, మంచిదే, కానీ అది నాలుగు నెలలకు మించి రాదు. దాని పక్కన 4 లక్షల అప్పు పెడితే ఎఫ్‌డీ ఉన్నట్టా లేనట్టా?

ఇప్పుడు ఆ పది శాతం తగ్గింపు. పౌండు 120 రూపాయలు అనుకుందాం. తగ్గింపు 360 పౌండ్లు, అంటే 43,200 రూపాయలు. చూడ్డానికి బానే ఉంది. 3,240 పౌండ్లు అంటే 3,88,800 రూపాయలు. దాన్ని కార్డు మీద 16 శాతానికి పన్నెండు ఈఎంఐలు చేస్తే వడ్డీ 34,500 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 6,200. రెండూ కలిపి 40,700. అంటే మీకు మిగిలేది 2,500 రూపాయలు. దానికోసం దాదాపు 3.9 లక్షల్ని తిరిగిరాని సొమ్ముగా చేసి కూర్చోబెడుతున్నారు. కార్డుకు విదేశీ లావాదేవీ మార్కప్ (విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు అదనంగా వేసుకునే రుసుము) 3.5 శాతం ఉంటే, జీఎస్టీతో కలిపి ఇంకో 16 వేలు పోతుంది, ఆ 2,500 కూడా మిగలదు. బంగారం లోను వడ్డీ తక్కువే గానీ దాని జబ్బు వేరు. ఏడాది తిరిగేసరికి అసలు కట్టలేక వడ్డీ మాత్రం కట్టి రెన్యువల్ చేయిస్తారు. అక్టోబరు నుంచి జీతంలో రూపాయి మిగలని మనిషి 4 లక్షల అసలు ఎక్కడ్నుంచి తెస్తాడు? ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి బ్యాంకు నుంచి నగలు విడిపించడం, మళ్లీ అవే నగలు తాకట్టు పెట్టడం చీపురుపల్లిలో ఎవర్నడిగినా చెబుతారు.

అసలు పెద్ద తప్పు ఇంకోటుంది. వీసా రాకముందే బసకు డబ్బు కట్టేయడం. హోటల్ బుకింగ్ చూపిస్తేనే వీసా ఇస్తారన్నది ఏజెంట్ల మాట. బ్రిటన్ ప్రభుత్వం విజిటర్ వీసా దరఖాస్తుదారుల కోసం పెట్టిన మార్గదర్శకాల్లో, ఆధారంగా పనికిరాని కాగితాల జాబితాలో హోటల్ బుకింగులు, విమానం బుకింగులు కూడా ఉన్నాయి. అక్కడ చూసేది మీ ఆదాయం, ఖాతాలో డబ్బు ఎక్కడ్నుంచి వచ్చింది, తిరిగి రావడానికి మీకు ఇక్కడ ఉన్న కారణాలు. దరఖాస్తుకు ముందు ఖాతాలో ఒక్కసారిగా 4 లక్షల బంగారం లోను పడితే అదే ప్రశ్న అవుతుంది. 78 వేల జీతగాడు పదకొండు మంది బస భరిస్తున్నానంటే ఇంకో ప్రశ్న. పైగా ఎవరి దరఖాస్తు వాళ్లదే. మీ తమ్ముడి ఆదాయం వ్యవసాయం మీదో, నగదు వ్యాపారం మీదో అయి, కాగితాలు సరిగ్గా లేకపోతే, వాళ్ల నలుగురికి రాకుండా మీకు మాత్రం రావచ్చు. అప్పుడు పదకొండు మందికి కట్టిన ఇంట్లో ఏడుగురు. ఫీజు కూడా 2025 ఏప్రిల్లో మనిషికి 127 పౌండ్లకు పెంచారు, పిల్లలకూ అంతే. ఆ లెక్కన పదకొండు మందికి 1.68 లక్షలు. వీసా రాకపోయినా ఆ ఫీజు తిరిగిరాదు.

వరస ఇలా ఉండాలి: ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, మామూలుగా మూడు వారాల్లో తేలుతుంది. ఏప్రిల్ మూడో వారం తర్వాత పెడితే మే నెలలో తెలిసిపోతుంది. ఈలోగా బస బుక్ చేసి ఉంచాలనిపిస్తే, ఉచితంగా రద్దు చేసుకునే గడువు జూన్ దాకా ఉన్నది, డబ్బు అక్కడికెళ్లాకే కట్టేది మాత్రమే తీసుకోండి. గడువు లండన్ సమయం ప్రకారం ఉంటుంది, ఆ గంట కూడా రాసిపెట్టుకోండి.

ఇప్పుడు మీకు దొరికిన ఆ ఇల్లు. పది మందికన్నారు, మీరు పదకొండు మంది. ఆరేళ్ల పిల్లాడు లెక్కలోకి రాడనుకున్నట్టున్నారు, వస్తాడు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరంలో చుట్టాలింట్లో చాపలేసుకుని పదిహేను మంది సర్దుకున్నట్టు అక్కడ కుదరదు. బుకింగులో రాసిన తలలకంటే ఒక్కరు ఎక్కువైనా ఇంటి యజమాని గుమ్మంలోనే రద్దు చేయొచ్చు, డబ్బు వెనక్కి రాకపోవచ్చు. ‘పది మంది’ అని రాసినచోట నిజమైన మంచాలెన్ని, సోఫా కమ్ బెడ్లెన్ని అని విడిగా అడగండి. బాత్రూంలు ఎన్నో అడగండి. పాత లండన్ ఇళ్లలో మూడు పడగ్గదులకూ ఒకటే ఉండొచ్చు, అదీ మేడ మీద, ఇరుకు మెట్లెక్కి. 74 ఏళ్ల నాన్నగారు రాత్రి మూడుసార్లు ఆ మెట్లు ఎక్కి దిగాలి. క్లీనింగ్ ఫీజు, సర్వీసు ఫీజు, కార్డు మీద బ్లాక్ చేసే డిపాజిట్ కలిపాకే అసలు ధర తెలుస్తుంది. లండన్‌లో ఒక పూర్తి ఇంటిని ఏడాదిలో 90 రాత్రులకు మించి ఇలా అద్దెకివ్వాలంటే ప్రత్యేక అనుమతి కావాలి, కాబట్టి ఏడాది పొడవునా ఖాళీగా కనిపించే ఇంటి విషయంలో జాగ్రత్త. యాప్ బయట బ్యాంకు ఖాతాకు పంపమన్నారంటే అక్కడితో మాట్లాడ్డం ఆపేయండి.

హోటళ్లలో ఇంకో చిక్కు. ప్రీమియర్ ఇన్ లాంటి చవక హోటళ్ల ఫ్యామిలీ గది అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. ముగ్గురు పెద్దల్ని అందులో పెట్టనివ్వకపోవచ్చు. మీ తమ్ముడి కుటుంబానికి ఒకటి, మూడు జంటలకు మూడు, అత్తగారికి ఒకటి, మొత్తం ఐదు గదులు. (అత్తగార్ని అమ్మానాన్నల గదిలో సర్దేద్దాం అనుకుంటున్నారేమో, హోటల్ ఒప్పుకున్నా వియ్యపురాలు ఒప్పుకోరు.) ఐదు గదులు, ఎనిమిది రాత్రులు, నలభై గది-రాత్రులు.

మీలాంటి గుంపుకు నేను మొదట చూడమనేది విద్యార్థుల హాస్టళ్లు. వేసవి సెలవుల్లో యూనివర్సిటీలు ఆ గదుల్ని బయటివాళ్లకు అద్దెకిస్తాయి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ కూడా ఇస్తుంది. కొన్నిచోట్ల ఐదారు గదులకు ఒక వంటిల్లు ఉండే ఫ్లాట్లుంటాయి. ఒకే ఫ్లాట్ మొత్తం ఇమ్మని నేరుగా మెయిల్ చేయండి. గిన్నెలు ఇవ్వకపోవచ్చు, ముందే కనుక్కోండి. వంటింటి తలుపు తీసిపెట్టి తాలింపు వేస్తే వరండాలో స్మోక్ అలారం మోగుతుంది, భవనం మొత్తం రోడ్డు మీదికి వస్తుంది. ఫ్యాను వేసి, తలుపు మూసి వండుకోవాలి. నెయ్యి డబ్బా పట్టుకెళ్లకండి, మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లడం అక్కడ నిషేధం. యూత్ హాస్టళ్లలో నాలుగు, ఆరు పడకల ప్రైవేటు గదులు కూడా పరవాలేదు, కాకపోతే బంకు మంచాలు. ఇక అబ్బాయి గదిలో నలుగురు దూరిపోవడం మాట ఎత్తకండి, వాడి అద్దె ఒప్పందానికే ఎసరు.

ఎంత దూరంలో ఉండాలన్నది కూడా డబ్బు లెక్కే. రైలు ఛార్జీల కోసం లండన్‌ను నడిబొడ్డు నుంచి బయటికి జోన్లుగా విడగొట్టారు. ఊరి చివర ఆరో జోన్‌లో అద్దె తక్కువ అంటారు. 2025 మార్చి ధరల ప్రకారం రైళ్లలో రోజంతా తిరిగితే 1-2 జోన్లకు మనిషికి గరిష్ఠంగా 8.90 పౌండ్లు, 1-6 జోన్లకు 16.30. తేడా 7.40. తొమ్మిది మంది పెద్దలు, ఎనిమిది రోజులు అంటే 533 పౌండ్లు, 64 వేల రూపాయలు. పదకొండేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉంటే ట్యూబులో ఉచితం. ఈస్ట్ హామ్, ఇల్‌ఫోర్డ్ వైపు చూడండి, మన తిండి దొరుకుతుంది.

ఇంత చెప్పినా నా అసలు సలహా వేరే. పదకొండు మంది వెళ్లకండి. చాలా యూనివర్సిటీల్లో ఒక్కో విద్యార్థికి రెండు గెస్టు టికెట్లే ఇస్తారు, మిగతావాళ్లు ఆన్‌లైన్‌లో ప్రసారం చూడాల్సిందే. అది చీపురుపల్లిలో కూర్చునీ చూడొచ్చు. నలుగురు, ఐదు రాత్రులు, రెండు గదులు అంటే పది గది-రాత్రులు. నలభై ఎక్కడ, పది ఎక్కడ. ఆ నలుగురు ఎవరన్నది నేను తేల్చలేను, మీరే తేల్చుకోండి. అక్కాబావ, తమ్ముడు వస్తామంటే రానివ్వండి, ఎవరి గది డబ్బు వాళ్లు కట్టుకుంటారు, ఇందులో పరువు తక్కువేం లేదు.

డబ్బు సంగతి. ఫిబ్రవరి నుంచే నెలకు 38 వేలు, ఈఎంఐ మొదలైపోయినట్టే, వేరే ఖాతాలోకి పంపండి. జులైకి ఆరు నెలల్లో 2.28 లక్షలు. అందులో 1.48 లక్షలు ముందు ఎఫ్‌డీ పక్కన చేరితే అత్యవసర నిధి 4.68కి నిండుతుంది. మిగిలిన 80 వేలు బసకు, చీటీ డబ్బులో ఒక టికెట్టు మిగులుతుంది గనక అదీ కలుపుకోండి. దాంతో సరిపడే బసే తీసుకోండి, సరిపోకపోతే ఒక రాత్రి తగ్గించండి. ఈ ఆరు నెలల్లో ఏ నెలైనా 38 వేలు తీయలేకపోయారంటే, అక్టోబరు ఎలా ఉంటుందో మీకే తెలిసిపోతుంది, అప్పుడు టికెట్లు కూడా కొనకండి.

పర్సనల్ లోను, పీఎఫ్ అడ్వాన్సు అడగకండి. విమానం, హోటల్ కలిపి ప్యాకేజీ అయితే టీసీఎస్ అనే పన్ను కూడా ముందే వసూలు చేస్తారు. రిటర్నులో తిరిగొస్తుంది గానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు.

నాన్నగారు, అమ్మగారు ఆ నలుగురిలో ఉంటే ఇన్సూరెన్స్ లేకుండా విమానం ఎక్కించొద్దు. మీ ఉద్యోగుల హెల్త్ కార్డు అక్కడ పనిచేయదు. లండన్ ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో చూడ్డం ఉచితమే, కానీ వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి విజిటర్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు వేస్తుంది. 500 పౌండ్లు దాటిన బకాయి కట్టకుండా వచ్చేస్తే తర్వాతి వీసాకు అడ్డం పడొచ్చు. పాలసీ తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. ప్రీమియం పెరుగుతుంది, పెరగనివ్వండి. రాయని జబ్బుకు క్లెయిమ్ రాదు. రాసిన పాత జబ్బుకు కూడా చాలా పాలసీలు ప్రాణం మీదికొస్తేనే ఇస్తాయి, అదీ చిన్న పరిమితి దాకా. ఆ పరిమితి ఎంతో ఏజెంటు నోటిమాటగా కాదు, పాలసీ కాగితంలో చూపించమనండి. డెబ్బై దాటినవాళ్లకు ఇచ్చే ప్లాన్లు వేరు, కవరేజీ కోతలూ వేరు. నాన్నగారి కాగితం విడిగా చదవండి.

ఇక ప్రభుత్వ టీచరుగా మీకు ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా), గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటాయి, అవి తప్ప మీ పేరు మీద ఇంకే పాలసీ ఉన్నట్టు మీరు రాయలేదు. 28 లక్షల లోనుకు పూచీ ఉన్న మనిషికి ఆ మొత్తానికి తగ్గని టర్మ్ పాలసీ ఉండాలి. లండన్ దరఖాస్తు కంటే ముందు ఆ దరఖాస్తు నింపండి, ఈ నెలలోనే.