బావ కార్డు మీద నాన్నకి ఆపరేషన్ చేయించొచ్చా?

ఒడిశా పర్లాకిమిడిలో ఉంటూ, ఆంధ్రా పాతపట్నంలో ఉన్న బావగారి ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు మీద నాన్నని విశాఖలో చేర్పించొచ్చా అని అడిగారు. వద్దండీ. మన బోర్డర్‌లో అటో కార్డు ఇటో కార్డు మామూలే, రెండు రాష్ట్రాలూ మావే అని కొట్టుకునే కొటియా ఊళ్ళలో అయితే పిలిచి మరీ ఇస్తాయి, అది వేరే గొడవ. కానీ ఇంకొకరి పేరు చెప్పి వైద్యం చేయించుకోవడం మోసం కిందకే వస్తుంది, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 319 ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు, ఆధార్ వేలిముద్ర దగ్గరే దొరికిపోయే ఛాన్స్ ఎక్కువ.

కేసు సంగతి పక్కన పెట్టండి, నాకు అంతకన్నా భయం కేస్ షీట్ అంటేనే. మంచం మీద మీ నాన్న, షీట్‌లో బావ పేరు, బావ వయసు, ఆయన పాత రికార్డు తీస్తే అందులో ఆయన బ్లడ్ గ్రూపు, ఆయనకి పడని మందులు. తర్వాత చెకప్‌కి వెళ్తే డిశ్చార్జ్ కాగితం నాన్నది కాదు, రేపు బావకే నిజంగా స్టెంట్ అవసరమైతే ఆల్రెడీ వేసినట్టు రికార్డులో ఉంటుంది, లిమిట్‌లో ఆ డబ్బూ పోయుంటుంది.

అసలు ఆ అవసరమే లేకపోవచ్చు. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, దానితో కలిపి ఒడిశా ఇచ్చే గోపబంధు ఆరోగ్య కార్డు మీద కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు, వేరే రాష్ట్రంలో లిస్టులో ఉన్న ఆస్పత్రుల్లో కూడా పనిచేస్తుంది. ముందు నాన్న పేరు మీద ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నమోదు) చేయించండి, ఆస్పత్రికి ఫోన్ చేసి ఆ ఆపరేషన్ ప్యాకేజీలో ఉందో లేదో కనుక్కోండి.